రాజుగారి మీసం, మా ఫుప్పు మడమ

మా మనవరాలు సనా ఈమధ్య ఒక ఆదివారం కోసం రోడ్డు రోలరు మాట్లాడింది. రోడ్డు వేయించడానికి కాదు, బొమ్మలు అచ్చు వేయడానికి. బొమ్మలు గీయడం చదువుకున్న పిల్లలు పదిమంది కలిసి మంచాలంత చెక్కలు చెక్కారట. తెనాలిలో ఒక స్కూలు గ్రౌండులో వాటిని వరసగా పరిచి, సిరా పూసి, మీద తెల్లబట్ట కప్పి, దాని మీదుగా రోలరు నడిపిస్తారట. ఊళ్ళో వాళ్ళెవరైనా వచ్చి ఒక చెయ్యి వేయవచ్చు, అచ్చయిన బట్ట ఎత్తి చూసుకోవచ్చు. "ఇలాంటిది మన వైపు ఇదే మొదలు నానీ" అని నాకు వివరంగా, కొంచెం జాలిగా చెప్పింది. నేను టీ తాగుతూ విన్నాను. మంచమంత చెక్కను నేలమీద పరిచి అచ్చు వేయడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. మా ఇంటి పెరట్లో ఆ పని నెలకోసారైనా జరిగేది. కాకపోతే మాకు రోలరు లేదు. రోలరు బదులు మా ఫుప్పు ఉండేది.

ఫుప్పు అంటే మేనత్త. మా నాన్న చెల్లెలు, పేరు మస్తాన్‌బీ. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు మా దాదా గురించి చెప్పాలి. దాదా, అంటే నాన్నకు నాన్న, చెక్కపని మేస్త్రీ. పొట్టకోసం తలుపులూ కిటికీలూ మంచాలూ చేసేవాడు గానీ, ఆయన ప్రాణమంతా నాటకాల పోస్టర్ల మీద ఉండేది. ఊళ్ళో ప్రెస్సులు చేతికాగితాలంత నోటీసులే వేసేవి. గోడమీద నిలువెత్తు రాజు కావాలంటే నాటకాలవాళ్ళు మా ఇంటికే రావాలి. దాదా గుమ్మడి టేకు పలకలు తెచ్చి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విని, అది ఆరిందో లేదో తేల్చేవాడు. మేము కూడా వినబోతే "నీకు వినపడదులే, అది నాతోనే మాట్లాడుద్ది" అనేవాడు. పైభాగం ఒక చెక్క, నడుం కింది భాగం ఇంకో చెక్క. బొగ్గుతో బొమ్మ గీసి, ఉలి పట్టుకుని కూర్చుంటే భోజనానికి మూడుసార్లు పిలవాల్సిందే. కళ్ళజోడుకు ఒక కాడ ఉండేది కాదు. దాని బదులు దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు.

మా దాదీకి, అంటే నాయనమ్మకు, ఈ రాజులతో పెద్ద పేచీ. నమాజు చేసుకునే హాలూ, చెక్కలు పెట్టే హాలూ ఒకటే. మొహాలున్న బొమ్మలు ఎదురుగా ఉంటే నమాజు కుదరదు. అందుకని రాజులూ రాణులూ రాక్షసులూ అందరూ క్లాసులో శిక్షపడ్డ పిల్లల్లాగా గోడవైపు మొహం పెట్టి నిలబడేవారు. సిరా కూడా ఇంట్లోనే తయారయ్యేది. దీపం మసి, అవిసె నూనె కలిపి పెరటి పొయ్యి మీద ఉడికిస్తుంటే ఆ వాసన వీధి చివరిదాకా వెళ్ళేది. కుంకుడుకాయ పులుసుతో ఎంత రుద్దినా జుట్టులోంచి పోయేది కాదు. స్కూల్లో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకుని, "ఇవాళ మీ ఇంట్లో రాజుగారా, రాక్షసుడా?" అని అడిగేది. ఇప్పుడు కొత్త పుస్తకం తెరిచి వాసన చూస్తే నాకు ఆ పొయ్యి గుర్తుకొస్తుంది గానీ, అందులో పదోవంతు ఘాటు కూడా ఉండదు.

చెక్క సిద్ధమవగానే బాపట్లకు ఒక కార్డు వెళ్ళేది. "చెక్క సిద్ధం. శనివారం రాగలవు." అంతే. క్షేమసమాచారాలు కూడా ఉండేవి కావు. ఫుప్పు అత్తవారిల్లు బాపట్ల. కార్డు అందిన మర్నాడే, జీడిపప్పు పొట్లం చేతబట్టుకుని పాసింజరు దిగేది. మనిషి నిండుగా, పచ్చగా, నవ్వితే ఒళ్ళంతా కదిలేలా ఉండేది. పెద్ద చెక్క అచ్చు వేయాలంటే బరువు కావాలి. తడిపిన కాగితం చెక్కమీద పరిచి, దానిమీద కంబళి కప్పి, అందరం ఎక్కి తొక్కేవాళ్ళం. తొక్కడానికీ ఒక పద్ధతుండేది. గెంతకూడదు, జరగకూడదు, వేళ్ళు లేపి మడమ మాత్రమే ఆనించాలి. అంచులు మా పిల్లలవి, మధ్యభాగం ఫుప్పుది. పట్టీలు తీసి దాదీకిచ్చి, కాళ్ళు కడుక్కుని, చీర కొంచెం పైకి దోపి ఆవిడ చెక్కమీదికి ఎక్కుతుంటే వీధిలో ఆడవాళ్ళంతా ప్రహరీ దగ్గర మూగేవాళ్ళు. ఆవిడ నడిచినచోట నలుపు చిక్కగా, ఎక్కడా తెల్ల మచ్చ లేకుండా పడేది. లావు అంటే మాత్రం ఊరుకునేది కాదు. "లావేంటి? నిండు అను" అని కసిరేది. లావని పిలిస్తే కోపం, అచ్చుకి పిలవకపోతే ఇంకా కోపం.

ఇక రాజుగారి సంగతి. రేపల్లె దగ్గర సముద్రం మీదికి వెళ్ళే పడవలున్న చేపల వ్యాపారి సోమయ్య అని ఉండేవాడు. పగలంతా చేపల బుట్టల మధ్య కేకలేసే ఆ మనిషి స్టేజీ ఎక్కితే రాజే. గొంతు ఒక ఎత్తు, మీసం ఒక ఎత్తు. దానికి రోజూ కొబ్బరినూనె రాసి, రెండు కొసలూ పైకి దువ్వి ఉంచేవాడు. బొమ్మ గీయించుకోవడానికి మా ఇంటికొచ్చినప్పుడు దాదా ఆ మీసాన్ని దారంతో కొలిచాడు. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. సోమయ్య ఊపిరి బిగబట్టి, కళ్ళు మాత్రం తిప్పి నావైపు చూసి, "గట్టిగా లాగకు తల్లీ, అది సొంతానిది" అన్నాడు. నాకప్పుడు పదేళ్ళు. అంత గొప్ప వస్తువును అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

చెక్కమీద ఆ మీసం వచ్చిన తీరు నాకు నచ్చలేదు. దాదా దాన్ని నిండుగా, నున్నగా, ఒకే ముద్దగా వదిలేశాడు. నేను దగ్గర్నుంచి చూసినదానిలో ఒక్కో వెంట్రుకా విడిగా మెరుస్తూ ఉండేది. వెంట్రుకలు చెక్కడం ఆయన మరిచిపోయాడని నాకు గట్టి నమ్మకం కలిగింది. నేనే చెక్కుతానని అడగడానికి లేదు, ఆడపిల్లలు ఉలి ముట్టుకుంటే చేతులు పాడవుతాయని దాదీ నన్ను పనిముట్ల దగ్గరికే రానిచ్చేది కాదు. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళంతా మసీదుకు వెళ్ళారు, దాదీ వంటింట్లో ఉంది. నేను రాజుగారిని గోడ దగ్గర్నుంచి ఇటు తిప్పి, సన్న ఉలి తీసుకుని పని మొదలుపెట్టాను.

అచ్చుపని ఇంట్లో పుట్టి పెరిగి కూడా నాకు అసలు సూత్రం ఎక్కలేదు. చెక్కమీద తీసేసింది తెల్లగా పడుతుంది, ఉంచింది నల్లగా పడుతుంది. ఉలితో గీత గీస్తే గీత వస్తుందనుకున్నాను నేను, పలకమీద రాసినట్టు. రెండు వెంట్రుకలు బాగానే వచ్చాయి. మూడోదానికి పక్కనున్న ముక్క లేచిపోయింది. దాన్ని సరిచేయబోతే ఇంకో ముక్క లేచింది. చూస్తూండగానే రాజుగారి మీసంలో ఒక పక్క మొత్తం నా ఒళ్ళో పడింది. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. గరుకుగా ఉంటే కదా కనపడేది, నున్నగా చేస్తే ఎవరికీ తెలియదు కదా! కూర్చుని ఆ చోటంతా శ్రద్ధగా నున్నగా చెక్కేశాను. పొట్టు ఊడ్చి పొయ్యిలో వేసి, రాజుగారిని మళ్ళీ గోడవైపు తిప్పేసి, చేతులు కడుక్కుని, ఎక్కాల పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఎక్కాల పుస్తకం నా అంతట నేను తెరవడం చూసి దాదీ నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

మర్నాడు పొద్దున్న పెరట్లో చెక్క పరిచారు. దాదాకు భుజం నొప్పి, వంగి సిరా పూయలేడు. గుడ్డచుట్టిన ముద్దతో ఫుప్పే సిరా పూసింది, బాపట్ల కబుర్లు చెబుతూ. దాదా కాగితం పరిచాడు, కంబళి కప్పాడు. మేము అంచులు తొక్కాం. నావైపు ఎవరూ చూడలేదని అనుకున్నాను. ఫుప్పు మధ్యకొచ్చింది. ఛాతీ మీద నుంచి గొంతు మీదికి, గొంతు మీద నుంచి మొహం మీదికి నడిచింది. అక్కడ ఆగింది. టక్కుమని ఏదో చప్పుడైంది. వెంటనే గుండెమీద చెయ్యేసుకుంది.

"హాయ్ అల్లా! ఏదో విరిగింది!"

"ఏంటే? కాలు బెణికిందా?" అంటూ దాదీ పరుగెత్తుకొచ్చింది.

"నా కాలికేంటమ్మా, దుంగలా ఉంది. కింద చెక్కే ఏదో విరిగింది. నా మడమ కిందే!"

దాదా మెల్లగా కాగితం ఎత్తాడు. కిరీటం వచ్చింది. కళ్ళు వచ్చాయి. ముక్కు కింద ఒక పక్క మీసం దర్జాగా మెలితిరిగి ఉంది, రెండో పక్క ఏమీ లేదు. ప్రహరీ దగ్గర నిలబడ్డ పక్కింటావిడ తట్టుకోలేకపోయింది. "రాజుగారు మంగలి దగ్గర సగం గీయించుకుని మధ్యలో లేచొచ్చారేంటండీ మేస్త్రీగారూ!" అని కిసుక్కున నవ్వింది. దాంతో అందరూ నవ్వారు. ఫుప్పు మాత్రం చెక్క పక్కనే కూలబడి, వాళ్ళ నాన్న వైపు చూస్తూ ఏడుపు అందుకుంది. "నేనే విరగ్గొట్టా బాబా! నా ఒళ్ళు మండా! నా మడమ పడ్డచోటే..."

దాదా గొంతుక్కూర్చుని, ఆ చోట బొటనవేలితో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. తర్వాత తలెత్తి మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు. "మడమదేం తప్పు లేదు. చెక్క పచ్చిది. నేనే తొందరపడ్డా" అన్నాడు. పోస్టర్లు మధ్యాహ్నం బండికి రేపల్లె వెళ్ళాలి. కొత్త మీసం అతికించే వ్యవధి లేదు. ఉలి తెమ్మని, టీ కాగేలోపల మిగిలిన సగం మీసం కూడా తీసేశాడు. నున్నటి మొహం రాజు అచ్చయ్యాడు. తడి ఆరకుండానే మధ్యన పాత పేపర్లు పెట్టి చుట్టి బండెక్కించారు. ఇంతా జరుగుతుంటే నేను నోరు విప్పలేదు. విప్పితే ఉలిమాట అటుంచి, పెరట్లోకే రానివ్వరని భయం. అంతకంటే ముఖ్యం, ఫుప్పే విరగ్గొట్టానని అనుకుంటోంది కదా, అనుకోనీ అనిపించింది. అంత నిండైన మనిషి, ఈ ఒక్క మాట మోయలేదా అని.

మూడోనాడు పొద్దున్న సోమయ్య మా గుమ్మంలో ఉన్నాడు. మీసం సూదుల్లా నిలబడి ఉంది.

"మేస్త్రీగారూ, నా మీసం ఏదండీ?"

"నీ మొహానే ఉందిగా" అన్నాడు దాదా, పని ఆపకుండా.

"గోడమీద లేదుగా! బస్టాండు గోడమీద, రైలు స్టేషను గోడమీద, ఎక్కడా లేదు. పిల్లకాయలు నా వెనకాల పడుతున్నారండీ!"

"అదే నేనూ చెప్పేది. గోడమీద రాజుకి మీసం లేదు. రేపు స్టేజీ మీదికి మీసమున్న రాజొస్తే, ఈయనెవరో వేరే ఆయన, అసలాయన రాలేదని జనం లేచిపోతారు. చూసుకో మరి."

సోమయ్య కూలబడ్డాడు. రెండు టీలు తాగాడు. బాపట్ల వెళ్ళకుండా ఉండిపోయిన ఫుప్పు తలుపు చాటునుంచి ముక్కు చీదుతూ, "తప్పు నాదే అన్నా. నా కాలిది. తిట్టాలంటే నన్ను తిట్టు" అంది. ఏడుస్తున్న ఆడమనిషిని ఏం తిడతాడు? తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, ఆ సాయంత్రమే మంగలి దగ్గర కూర్చున్నాడని. నాటకం ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు గానీ, సోమయ్య మీసం నిజంగా తీసేశాడో లేదో చూడటానికి చెరుకుపల్లి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారట. ఆయన చిన్నకొడుకు వారంరోజులు తండ్రి దగ్గరికి పోలేదట. మీసం మళ్ళీ పెరిగాక సోమయ్య ఒకసారి వచ్చి, "నా మీసం తిన్న చెక్క నా దగ్గరే ఉండాలి" అని పైభాగం అడిగి తీసుకుపోయాడు.

ఇంకొక చిన్న సంగతి జరిగింది, అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆ గొడవ సద్దుమణిగిన కొన్నాళ్ళకు దాదా నన్ను పిలిచి, అరచేయంత చెక్కముక్కా, ఆ సన్న ఉలీ నా ముందు పెట్టాడు. "తీసింది తెల్లన, ఉంచింది నల్లన. ముందు ఇది నేర్చుకో" అన్నాడు. దాదీ అరిచింది. ఆయన వినిపించుకోలేదు. పెద్దతనం వచ్చి దాదా మెత్తబడ్డాడని నేను లోపల్లోపల సంబరపడ్డాను. ఒక చేప చెక్కాను, రెండు ఆకులు చెక్కాను. చేయి తిరగలేదు గానీ, చెక్కపని మీద గౌరవం మాత్రం మిగిలింది.

ఫుప్పుకు మాత్రం ఆ పేరు స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలో ఆవిడ కుర్చీలో కూర్చోబోతే, "చూసుకో మస్తాన్‌బీ, దానికి మీసం లేదు, కాళ్ళున్నాయి" అనేవారు. చుట్టాల పిల్లలకు ఆవిడ మీసం ఫుప్పు. ఆవిడ కూడా అందరితోపాటు నవ్వేది. నేను నవ్వలేకపోయేదాన్ని. మా ఇంటికొచ్చినప్పుడు రెండో వడ్డన వద్దని చేయి అడ్డంపెట్టేది. బరువు తగ్గాలని పాపం నోరు కట్టుకుంటోంది, అంతా నావల్లే అని నాకు ముద్ద దిగేది కాదు. పెద్దయ్యాక టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు నిజం చెప్పమని బెత్తం చూపించి మరీ చెప్పాను. ప్రతిసారీ రాజుగారి నున్నటి పైపెదవి గుర్తుకొచ్చేది. చెప్పేద్దామని ఎన్నోసార్లు బాపట్ల వెళ్ళాను. జీడిపప్పు తిని వచ్చేశాను. ఇప్పుడు ఆవిడకు ఎనభై దాటాయి. ఆ మనిషేనా అన్నట్టు సన్నబడింది, చూపు ఆనడం లేదు. తన బరువే తప్పు చేసిందనుకుంటూ ఆవిడ వెళ్ళిపోతే, ఆ తర్వాత నేను ఎవరికి చెప్పుకోవాలి?

సనా పాత చెక్కలేవైనా ఉంటే తెమ్మని ఫోన్లలో అందరికీ సందేశం పెట్టింది. నాలుగో రోజున ఒక ట్రక్కు ఆటో మా ఇంటిముందు ఆగింది. చేపల వాసన ముందు దిగింది, తర్వాత నలభై ఏళ్ళ మనిషి దిగాడు. సోమయ్య మనవడట. వాళ్ళ అరుగుమీద వలలు బాగుచేసుకునే బల్ల ఒకటి తెచ్చాడు. బోర్లా ఉన్న ఆ బల్లను ఇద్దరు పట్టి తిప్పితే, నా రాజుగారు. కిరీటం, కళ్ళు, ముక్కు, దాని కింద ఏమీ లేదు. "మా తాత మీసాన్ని తెనాలిలో ఒక సాయిబులామె తొక్కి విరగ్గొట్టిందంటమ్మా. మా ఇంటికి ఎవరొచ్చినా ఈ బల్లమీద కూర్చోబెట్టి ఇదే చెప్తాం" అన్నాడు గర్వంగా. సనా గంతులేసింది. ఈ కథంతా రాసి చెక్కపక్కన బోర్డు పెడతానంది. పాతచెక్క రోలరుకు ఆగదు గనుక కాళ్ళతోనే తొక్కిద్దామని, బాపట్ల నుంచి ఫుప్పునే తీసుకొద్దామని అప్పటికప్పుడు తీర్మానించింది.

వాళ్ళు వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని, దాదా కూర్చున్నట్టే కూర్చుని, ఆ చోట బొటనవేలితో రుద్దాను. విరిగిన చెక్కకు పీచు ఉంటుంది, వేలికి గుచ్చుకుంటుంది. ఒక పక్క దాదా తీసినది, నాలుగే నాలుగు పెద్ద దెబ్బలు. రెండో పక్క, ఉలి వంద చోట్ల ఆగి ఆగి నడిచిన గుర్తులు, ఎంతో శ్రద్ధగా, ఎంతో నున్నగా. ఇది మడమ పని కాదని, చెక్కపని తెలిసినవాడు చీకట్లో తడిమినా చెప్పగలడు. దాదా చాలాసేపు రుద్దింది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. చెక్క పచ్చిదన్నాడు. జీవితంలో పచ్చిచెక్క ముట్టని మనిషి, నలుగురి ముందు తన పనితనం మీద తనే నిందేసుకున్నాడు. ఆ తర్వాత ఉలి తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఆదివారం గ్రౌండులో జనం బాగానే వచ్చారు. పిల్లలు చెక్కిన బొమ్మలు గొప్పగా ఉన్నాయి, కాదనను. రోలరు పొగ చిమ్ముకుంటూ ఒక్కసారి వెళ్ళొస్తే బట్ట మొత్తం అచ్చయిపోతోంది. మాకైతే ఒక్క కాగితానికి పదిమంది కాళ్ళు, పది నిమిషాల పోట్లాట పట్టేవి. రోలరు మంచిదే, మాట్లాడదు. దాని బరువు గురించి ఎవరేమన్నా అలగదు. నాకు మాత్రం అది వెళ్తున్నంతసేపూ పెరట్లో "వేళ్ళు లేపవే, మడమ ఆనించవే" అనే కేకలే వినిపించాయి.

రాజుగారి వంతు వచ్చింది. ఫుప్పును కుర్చీలో తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. సనా మైకులో మీసం కథ మొదలుపెట్టబోతుంటే నేను మైకు అందుకున్నాను. "ఒక్కమాట చెప్పాలి. ఆ మీసం మా ఫుప్పు విరగ్గొట్టలేదు. ముందురోజు ఉలితో నేనే చెక్కేశాను. ఇన్నాళ్ళూ ఆవిడ మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఫుప్పూ, నన్ను క్షమించు" అన్నాను. నా పాత విద్యార్థులు కొందరు తలలు దించుకున్నారు.

"ఆ మైకు ఇటివ్వండే" అంది ఫుప్పు.

ఇచ్చారు.

"ఈ పిల్ల మాట నమ్మకండి" అంది, డెబ్భై ఏళ్ళ నన్ను చూపించి. "చిన్నప్పట్నుంచీ ఇంతే, పక్కవాళ్ళ గొప్ప తనకి కావాలంటది. ఉలి పట్టుకోవడం కూడా రాదు దానికి. ఒక చేప చెక్కింది, చూసినోళ్ళంతా వంకాయనుకున్నారు. ఆ మీసం విరగ్గొట్టింది నేనండి. ఇదిగో, ఈ మడమే!"

చీర అంచు కొంచెం ఎత్తి, ఎండిపోయిన మడమ చూపించింది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. సోమయ్య మనవడు వంగి ఆ మడమకు దండం పెట్టాడు. నా మాట ఎవరూ నమ్మలేదు. పెద్దావిడ మీద ప్రేమకొద్దీ నేను అబద్ధం ఆడానని అనుకున్నారట, నా విద్యార్థి ఒకడు వచ్చి మెచ్చుకుని మరీ వెళ్ళాడు. కాగితం పరిచి కంబళి కప్పాక, సనా ఒక పక్క, సోమయ్య మనవడు ఒక పక్క పట్టుకుంటే ఫుప్పు రాజుగారి మీదికెక్కింది. రెండడుగులు వేసి నావైపు తిరిగింది. "నువ్వూ ఎక్కవే. ఇప్పుడు బరువంతా నీదేగా" అంది. ఎక్కాను. నలుపు చిక్కగా పడింది.

సాయంత్రం ఆవిడను బాపట్ల బండెక్కించడానికి ఆటోలో స్టేషనుకు బయల్దేరాం. ఇద్దరమే ఉన్నాం.

"ఎందుకలా అబద్ధం చెప్పావు ఫుప్పూ? నేను నిజమే చెప్పాను."

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"ఆ రోజు సిరా ఎవరు పూశారే?"

ఆ రోజు గుడ్డముద్ద ఆవిడ చేతిలోనే ఉంది.

"మీసం కాడ ముద్ద గుంటలో దిగబడింది. తలెత్తి చూశా. అందరూ నాకేసి చూస్తుంటే నువ్వొక్కదానివే ఆకాశం చూస్తన్నావు. ఇంకేం తెలియాలి? మా బాబాకి తిట్టడం చాతకాదు. తిట్టకపోతే ఊళ్ళో పరువు దక్కదు. ఆ బాధ ఆయనకెందుకని, తొక్కేటప్పుడు విరిగిందన్నా."

"మరి టక్కుమని చప్పుడైంది కదా? నేను విన్నాను!"

ఫుప్పు నాలుక అంగిటికి ఆనించి టక్కుమనిపించింది. ఆటో ఆగిపోయింది. డ్రైవరు దిగి, వంగి వెనక చక్రం చూస్తూ, "ఏదో విరిగినట్టుందమ్మా" అన్నాడు.

"ఏం విరగలేదులే నాయనా, పోనీ" అంది ఫుప్పు.

ఇన్నేళ్ళూ నేను అందర్నీ మోసం చేశానని కుమిలిపోయాను. సిరా పూసినావిడకు తెలుసు, వేలితో రుద్దినాయనకు తెలుసు. మోసపోయింది నేనొక్కదాన్నే.

"మరి మా ఇంట్లో రెండో వడ్డన ఎప్పుడూ వద్దనేదానివెందుకు? నా వల్లేనని ఎంత ఏడ్చానో."

"మీ అమ్మ కూరల్లో ఉప్పెక్కువే" అంది. నా చేయి వెతికి పట్టుకుంది. "ఇంకెప్పుడూ అలా మైకుల్లో చెప్పమాకు. రేపల్లె కాడ మనుషులు ఇంట్లో బల్లమీద కూర్చోబెట్టి నా కథ చెప్పుకుంటున్నారంట. నాకు ఇంకే కథ ఉంది చెప్పు? దాన్ని నువ్వు తీసుకోమాకు బేటా. నువ్వు రాస్తావు కూడా. రాయమాకు."

రాయనని మాటిచ్చాను. ఇచ్చిన మాట తప్పి ఇదంతా రాశాను. ఆవిడకు అక్షరాలు ఆనడం లేదన్న ధైర్యం ఒకటుంది గానీ, సాయంత్రాలు ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకుని పేపరూ పుస్తకాలూ చదివించుకుంటుందని కూడా తెలుసు. చదువుతున్నవాళ్ళలో బాపట్లవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మనవి. ఆవిడకు ఇది చదివి వినిపించకండి. రాజుగారి మీసం ఎవరు విరగ్గొట్టారని ఆవిడ అడిగితే, మస్తాన్‌బీ మడమేనండి అని చెప్పండి. నేనూ అలాగే చెబుతాను.